భరతుడి తప్పు జింకపిల్లేనా?

భాగవతం ఐదవ స్కంధంలో జడభరతుని కథ ఉంది. తెలుగు భాగవతం అంటే మనకు పోతన గుర్తొస్తాడు గానీ, ఈ స్కంధాన్ని తెలుగులో రాసింది గంగన. పోయిన ఏడు మా దూడను సంతకు తోలినప్పుడు నేను రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అప్పుడు మా అవ్వ ఈ కథ చెప్పి, "చూడు, మమకారం పెట్టుకుంటే రాజయినా జింకై పుడతాడు" అనింది. నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే కథను మళ్లీ చదివాను.

భరతుడు రాజ్యాన్ని, కొడుకుల్ని వదిలేసి గండకీ నది ఒడ్డుకు తపస్సుకు పోయాడు. ఒకనాడు నీళ్లు తాగుతున్న చూలు జింక సింహం గర్జన విని, బెదిరి ఏరు దూకింది. పిల్ల నీళ్లలో పడిపోయింది, తల్లి చచ్చిపోయింది. కొట్టుకుపోతున్న ఆ పిల్లను ఆయన ఎత్తుకొచ్చి సాకాడు. ఇందులో తప్పేముంది? చూసి కూడా జపం చేసుకుంటూ కూర్చుని ఉంటే ఆయన్ని ఎవరు మెచ్చుకుంటారు?

తర్వాతి భాగాన్ని మాత్రం నిదానంగా చదవాలి. పూజ మధ్యలో లేచి పిల్ల ఎక్కడుందో చూస్తాడు. కనబడకపోతే తోడేలు తినేసిందేమో అని ఏడుస్తాడు. పూజలో కూర్చుంటే మనసు జింక మీద, జింక దగ్గరుంటే మనసు రాబోయే ఆపద మీద. అంటే ఆయన ఎక్కడా లేడు! కథలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే. దూడ మా ఇంట్లో ఉన్న చివరి వారమంతా నేనూ సంతకు ఎన్ని రోజులుందో లెక్కపెట్టుకున్నానే గానీ, ఒక్కనాడూ దాని దగ్గర నెమ్మదిగా కూర్చోలేదు.

జింక జన్మ అయినాక, ఆ పై జన్మలో ఆయన రహూగణుడనే రాజు పల్లకీ మోస్తాడు. కాలికింద చీమలు పడకూడదని ముందు నేల చూసి అడుగు వేస్తాడు. పల్లకీ కుదిపితే రాజు తిడతాడు, శిక్షిస్తానని బెదిరిస్తాడు. ఈయన చలించడు. జీవుల మీద ప్రేమ ఆయనకు పోలేదు కదా, పోయింది భయం. అవ్వ ఈ ముక్క నాకు చెప్పలేదు.

కథలో ఒక లోపం కూడా నాకు కనబడింది. భరతుడు ప్రాణం విడిచేటప్పుడు ఆ జింక కన్నకొడుకులాగా పక్కనే ఉండి దుఃఖపడిందని ఉంది. తర్వాత దాని గతి ఏమయిందో లేదు. కథకు భరతుడే ముఖ్యం, సరే. కానీ ఏటిలోనుంచి తీసి సాకినవాడు పోయాక అది ఎవరి వెంట తిరిగింది?

అవ్వను అడిగాను. "అడివిలో జింకకేమిరా, మేసుకుంటుంది" అని తమలపాకుకు సున్నం రాసుకుంది.