కడుపులో ఉన్నది ఎవరు? గిరిజన గర్భవిశ్వాసాల సేకరణలో ప్రశ్నావళి సమస్య

జానపద విశ్వాసాలపై వెలువడే సిద్ధాంత గ్రంథాల్లో గర్భిణికి సంబంధించిన ప్రకరణం తరచు ఒకే తీరులో నడుస్తుంది. కుడికాలు ముందు వేస్తే మగబిడ్డ, ఎడమకాలు వేస్తే ఆడబిడ్డ. ముఖం కళగా ఉంటే ఒకరు, వాడితే మరొకరు. మైదానంలో సేకరించిన ఈ పట్టికనే ప్రశ్నావళిగా మార్చుకొని అరకు, పాడేరు కొండలకు వెళ్ళినా జవాబులు దొరక్కపోవు. అడిగినవారిని చిన్నబుచ్చకూడదనే మర్యాద కొండ మీదా ఉంది. సంతల్లో, ఆశ్రమ పాఠశాలల్లో మైదానపు మాట ఎప్పుడో కలిసింది కూడా. ఆ జవాబులను ‘గిరిజన విశ్వాసాలు’ అన్న శీర్షిక కింద చేర్చడం ఎంతవరకు సమంజసమన్నది పరిశీలించవలసిన విషయం.

కుడి ఎడమల ఈ విభజన జానపదుల నోటికే పరిమితం కాదు. సుశ్రుత సంహిత శారీరస్థానంలో కుడి స్తనంలో ముందుగా పాలు కనిపించడం, కుడికన్ను పెద్దదిగా తోచడం, నడకలో కుడికాలు ముందు పడడం పుత్రసూచనలు. హిపొక్రటీస్ పేర ప్రసిద్ధమైన గ్రీకు సూత్రాల్లోనూ మగపిండం కుడివైపు, ఆడపిండం ఎడమవైపు. శాస్త్రం నుంచి జనంలోకి వచ్చిందా, జనం నుంచి శాస్త్రంలోకి వెళ్ళిందా అన్న చర్చ అలా ఉంచితే, పుంసవనాన్ని సంస్కారంగా పాటించిన సమాజంలో ఈ ప్రశ్నకు సహజమైన చోటు ఉంది. ఆ చోటు కొండల్లోనూ అంతే ఉందని ముందే అనుకోవడంలోనే చిక్కు.

ఇదే తూర్పు కనుమల్లో, ఉత్తరాన ఒడిశా వైపు ఖోండుల మధ్య పనిచేసిన మద్రాసు సైన్యాధికారి మెక్‌ఫర్సన్ రచన ఆయన మరణానంతరం 1865లో వెలువడింది. బిడ్డ పుట్టిన ఏడవనాడు పూజారి గిన్నెడు నీళ్ళలో ఒక్కో పూర్వీకుని పేరు చెబుతూ ఒక్కో బియ్యపు గింజ వదులుతాడు. గింజల కదలికను బట్టి, శిశువు శరీరాన్ని పరిశీలించి, ఎవరు తిరిగి వచ్చారో నిర్ణయిస్తాడు. టైలర్ 1871 నాటి ‘ప్రిమిటివ్ కల్చర్’లో ఈ ఆచారాన్ని పునర్జన్మ భావనకు ఉదాహరణగా తీసుకున్నాడు. ఇక్కడ సోదె చూసేది ప్రసవం తరువాత. తెలుసుకోదలచినది ఆ బిడ్డ ఎవరన్న సంగతి. మన ప్రశ్నావళిలో దీనికి గడి లేదు.

దీన్నిబట్టి గిరిజన సమాజంలో ఆడ, మగ తేడా లేదని తీర్మానించేవారున్నారు. 2011 జనగణనలో ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు దేశం మొత్తం మీద 919, షెడ్యూల్డు తెగల్లో 957 అన్న అంకెలనూ తోడు తెచ్చుకుంటారు. కాని అదే మెక్‌ఫర్సన్ కొన్ని ఖోండు శాఖల్లో ఆడశిశుహత్యను కూడా నమోదు చేశాడు. ఏడవనాటి నామకరణంతోనే ఆత్మ తెగలో చేరుతుంది. అంతకుముందే ఆడశిశువు పోతే తెగలో ఆడ ఆత్మల సంఖ్య పెరగదు, మగ ఆత్మ దక్కే అవకాశం కలుగుతుంది అన్నది ఆయన చెప్పిన కారణం. ఆ ఆచారాలను అణచడానికి నియమితుడైన అధికారి మాట కనుక జాగ్రత్తగానే చదవాలి. అయినా బియ్యపు గింజల కథను స్వీకరించి, దాని పక్కనే ఉన్న ఈ కథను విడిచిపెట్టడం పరిశోధన అనిపించుకోదు.

ఓలి వాదం కూడా అంత దృఢమైనది కాదు. వరుని వైపు నుంచి ఓలి ఇస్తారు కనుక ఆడబిడ్డకు గౌరవమంటారు. నాటి విశాఖపట్నం జిల్లా మైదానపు బ్రాహ్మణ కుటుంబాల్లో కడుపులోని బిడ్డలకు సైతం బేరాలు కుదిరేవని గురజాడ 1897 నాటి ‘కన్యాశుల్కం’ ఆంగ్ల పీఠికలో చెప్పాడు. ఓలి, కన్యాశుల్కం ఒకటి కావు. కాని వెల పలకడం వేరు, విలువ ఉండడం వేరన్న సంగతికి ఆ పీఠిక చాలు.

కనుక సేకర్త విశ్వాసంతో పాటు దాని సందర్భాన్నీ రాసుకోవాలి. చెప్పినది కువిలోనా, ఆదివాసీ ఒడియాలోనా, తెలుగులోనా? మంత్రసాని చెప్పిందా, పక్కన కూర్చున్న ఉపాధ్యాయుడు అందించాడా? అడగకముందే వచ్చిన మాటా, అడిగాక వచ్చిందా? అనుబంధంలో ప్రశ్నావళిని అచ్చువేసే గ్రంథాలు ఈ వివరాలను కూడా అక్కడే ఇవ్వవచ్చు.