లాక్ పడని రుబీడియం

జహీరాబాద్ దగ్గరి మాచునూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియోది 90.4 మెగాహెర్ట్జ్. ఆ అంకె మీద నిలబడటానికి మామూలు క్వార్ట్జ్ క్రిస్టల్ చాలు. వెయ్యి హెర్ట్జ్ అటూ ఇటూ అయినా వినేవాళ్లకు తేడా తెలియదు. అదే 10 గిగాహెర్ట్జ్‌లో బలహీన సంకేతాల కోసం వెతికే హామ్ రేడియో ఔత్సాహికులకు పది లక్షల్లో ఒక వంతు తప్పినా 10 వేల హెర్ట్జ్ పక్కకు పోయినట్టే. అందుకే వాళ్లు సీడీఎంఏ టవర్ల నుంచి ఊడదీసిన పాత రుబీడియం పెట్టెలను, అంటే చిన్న పరమాణు గడియారాలను, చేరదీస్తారు.

ఈ పెట్టెలో క్రిస్టల్ కొట్టుకుంటుంది, రుబీడియం దాన్ని దారిలో పెడుతుంది. రుబీడియం దీపం వెలుగు, అదే లోహపు ఆవిరి నింపిన గాజు గదిలోంచి వెళ్లి ఫోటోడయోడ్ మీద పడుతుంది. క్రిస్టల్ నుంచి పుట్టించిన మైక్రోవేవ్ సెకనుకు సుమారు 683 కోట్ల 46 లక్షల 82 వేల 610 కంపనాలకు చేరినప్పుడు ఆ వెలుగు రవ్వంత తగ్గుతుంది. సర్క్యూట్ కనిపెట్టుకుని ఉండేది ఆ తగ్గుదల కోసమే. దొరికిందంటే క్రిస్టల్‌ను అక్కడే పట్టి ఉంచుతుంది. అదే లాక్.

కరెంటిచ్చి గంటయినా లాక్ పడలేదంటే చాలామంది దీపం పోయిందనుకుంటారు. పోవచ్చు కూడా. కానీ ముందు అనుమానించాల్సింది క్రిస్టల్‌ని. రుబీడియం పరమాణువుకు వయసు లేదు, క్రిస్టల్‌కు ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ దాని ఫ్రీక్వెన్సీ పక్కకు జరుగుతుంది.

కోఠి గుజరాతీ గల్లీలో దొరికే 24 వోల్టుల సప్లై, అడుగున బిగించడానికి దళసరి అల్యూమినియం పలక, నమ్మదగ్గ ఫ్రీక్వెన్సీ కౌంటర్ ఉంటే పని మొదలుపెట్టవచ్చు. పలక లేకుండా నడిపితే పెట్టె తన వేడికి తానే పాడవుతుంది. లాక్ పడేదాకా సర్క్యూట్ క్రిస్టల్‌ను పైకీ కిందికీ ఊపుతూ వెతుకుతుంది. కౌంటర్‌లో ఆ ఊపు కనిపిస్తుంది. 10 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండాల్సిన అంకె, మాటవరసకు, 20 హెర్ట్జ్ ఎక్కువ నుంచి 300 ఎక్కువ దాకా తిరుగుతోందనుకోండి. సరైన చోటును అది ఒక్కసారీ దాటడం లేదన్నమాట. మూత తీసి, క్రిస్టల్ పక్కనున్న ట్రిమ్మర్‌ను ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో కొంచెం కొంచెంగా తిప్పాలి. ఇనుపదైతే అది తగలడమే అంకెను మార్చేస్తుంది. ఊపు 10 మెగాహెర్ట్జ్‌కు రెండు వైపులా సరిసమానంగా వచ్చాక, ఒక వెతుకులాటలో అంకె ఉన్నట్టుండి ఆగిపోతుంది. మూత పెడితే లోపలి వేడి మారుతుంది కాబట్టి మళ్లీ చూసుకోవాలి.

ఈ విద్య చవక సరుకు కోసమే అనుకుంటే పొరపాటు. మన నావిగేషన్ వ్యవస్థ నావిక్ తొలి ఉపగ్రహం ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏలో విదేశాల నుంచి తెచ్చిన మూడు రుబీడియం గడియారాలూ మొరాయించాయి. అంతరిక్షంలో మూత తీసేవారెవరు? 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-01లో స్వదేశీ గడియారం పెట్టారు. అలాంటి యంత్రం లోపల ఏం జరుగుతుందో బల్ల మీద విప్పి చూసుకునే అవకాశం ఇంకెక్కడ దొరుకుతుంది?

లాక్ పడ్డాక మిగిలేది సీ-ఫీల్డ్ స్క్రూ. గాజు గది చుట్టూ ఉన్న స్వల్ప అయస్కాంత క్షేత్రాన్ని మార్చి ఫ్రీక్వెన్సీని ఇంకా సన్నగా సర్దుతుంది. దాన్ని మాత్రం జీపీఎస్‌తో పోల్చుకునే తిప్పాలి. పది వేల కోట్లలో ఒక వంతు తప్పుంటే గంటకు 36 నానోసెకన్లే తేడా వస్తుంది. జీపీఎస్ పల్సే అంతకు దగ్గరగా ఊగుతుంది. కాబట్టి ఒక రోజంతా పోల్చి చూశాకే ఆ స్క్రూ మీద చెయ్యి వేయాలి.