'గ్యాస్‌లాండ్' చూపినదీ, చూపనిదీ

కొళాయి తిప్పి అగ్గిపుల్ల గీస్తే నీటిధార మీద భగ్గున మంట లేస్తుంది. జాష్ ఫాక్స్ తీసిన 'గ్యాస్‌లాండ్' (2010) డాక్యుమెంటరీని చూడనివాళ్లలో కూడా చాలామందికి ఈ ఒక్క దృశ్యం తెలుసు. సన్‌డాన్స్ చలనచిత్రోత్సవంలో ప్రత్యేక జ్యూరీ బహుమతి పొంది, ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లిన ఈ చిత్రం అమెరికాలో సహజవాయువు తవ్వకాల గురించి జరిగే చర్చ స్వరూపాన్నే మార్చింది. ఇన్నేళ్ల తరువాత దాన్ని మళ్లీ తూచి చూడడానికి కారణం ఉంది. చిత్రంలో మనం చూసిన డిమాక్ అనే పల్లె కథ 2022లో న్యాయస్థానంలో ఒక కొలిక్కి వచ్చింది. ఆ ముగింపుతో పోల్చి చూసినప్పుడు చిత్రం బలం ఎక్కడుందో, లోపం ఎక్కడుందో రెండూ తేటపడతాయి.

చిత్రం ఒక ఉత్తరంతో మొదలవుతుంది. పెన్సిల్వేనియా రాష్ట్రంలో డెలావేర్ నది దగ్గర ఫాక్స్ కుటుంబానికి పంతొమ్మిదిన్నర ఎకరాల భూమి ఉంది. దాన్ని గ్యాసు తవ్వకానికి కౌలుకిస్తే దాదాపు లక్ష డాలర్లు ఇస్తామని ఒక కంపెనీ రాసింది. సంతకం పెట్టే ముందు, ఇదివరకే సంతకం పెట్టినవాళ్ల గతి ఏమిటో చూసివద్దామని ఆయన కారెక్కాడు. తానే కెమెరా పట్టుకుని, తానే వ్యాఖ్యానం చెబుతూ ఊరూరా తిరిగాడు. ఈ చిత్రంలో నిపుణుల గదులకంటే సామాన్యుల వంటిళ్లు ఎక్కువ కనిపిస్తాయి. జనం సీసాల్లో పట్టి దాచుకున్న మురికినీళ్లు తెచ్చి చూపిస్తారు. ఫాక్స్ ఆ నీటిని తీసుకుపోయి రాష్ట్ర పర్యావరణ శాఖ అధిపతి ముందు పెడతాడు. ఆయన తాగడు. రెండు నిమిషాలు కూడా పట్టని ఆ సన్నివేశం ఒక పెద్ద వ్యాసం చెప్పవలసినంత చెబుతుంది. వస్తువు ఎంపికలోనూ, మనుషుల మాటను మధ్యలో తుంచకుండా విన్న ఓర్పులోనూ ఫాక్స్‌ని మెచ్చుకోక తప్పదు.

చట్టం ఎక్కడ కన్ను మూసుకుందో కూడా చిత్రం సరిగానే పట్టుకుంది. భూమి లోతున ఉన్న షేల్ రాతిని, రసాయనాలూ ఇసుకా కలిపిన నీటిని విపరీతమైన ఒత్తిడితో పంపి చీల్చి, గ్యాసు బయటికి తీస్తారు. దీన్నే ఫ్రాకింగ్ అంటున్నారు. 2005లో అమెరికా పార్లమెంటు చేసిన ఇంధన విధాన చట్టం, డీజిల్ వాడిన సందర్భాలు మినహా, ఈ పనిని సురక్షిత తాగునీటి చట్టం పరిధి నుంచి తప్పించింది. ఈ పనిలో పేరుమోసిన కంపెనీ పేరుతోనే దానికి 'హాలిబర్టన్ కంత' అని జనం పేరుపెట్టారు.

ఇక లోపం. అది సరిగ్గా ఆ ప్రసిద్ధమైన మంట దగ్గరే ఉంది. ఆ దృశ్యం కొలరాడో రాష్ట్రంలో తీసినది. చిత్రంలో చూపిన అక్కడి బావుల్లో మూడింటి గురించి రాష్ట్ర చమురు, గ్యాసు నియంత్రణ సంఘం వివరణ ఇచ్చింది. వాటిలో రెండింటిలో ఉన్నది పైపొరల్లో సూక్ష్మజీవుల వల్ల సహజంగా పుట్టిన మీథేన్ అనీ, దానికీ తవ్వకాలకూ సంబంధం లేదనీ తేల్చింది. మూడో బావిలో మాత్రం లోతుల నుంచి వచ్చిన గ్యాసు కూడా కలిసి ఉంది. మీథేన్ ఏ పొరలో పుట్టిందో దాని కర్బన పరమాణువుల తీరును బట్టి చెప్పవచ్చు. ఆ ప్రాంతపు నీటిలో మీథేన్ పూర్వం నుంచీ ఉన్నదన్న సమాచారం చిత్రంలో ఎందుకు లేదని తరువాత ఒక విలేకరి అడిగితే, అది అప్రస్తుతం అన్న ధోరణిలో ఫాక్స్ జవాబిచ్చాడు. అప్రస్తుతం ఎలా అవుతుంది? నిందితుడి తరఫు వకీలు మొట్టమొదట అడిగే ప్రశ్న అదే కదా! బాధితుల పక్షాన నిలబడిన రచయితకు సాక్ష్యం విషయంలో మరింత జాగ్రత్త ఉండాలి. ఒక్క సాక్ష్యం చెదిరితే మిగిలిన తొమ్మిదింటినీ అబద్ధాల కింద కొట్టివేయడానికి ఎదుటివాళ్లు సిద్ధంగా ఉంటారు. 2013లో వచ్చిన 'ఫ్రాక్‌నేషన్' అనే ప్రతివాద చిత్రం చేసిన పని అదే.

మాట వాడడంలో కూడా ఇలాంటి అలసత్వమే జరిగింది. చిత్రం అన్ని నష్టాలనూ ఫ్రాకింగ్ అన్న ఒకే మాటలో ముడివేసింది. షేల్ పొర ఎక్కడో కిలోమీటరు పైగా లోతున ఉంది, తాగునీటి బావులు పైన వంద మీటర్లలో ఉన్నాయి, ఆ చీలికలు ఇంత పైదాకా రావడం జరగదని కంపెనీలు వాదించాయి. ఆ వాదనలో కొంత నిజం ఉంది. కాని గ్యాసు బావి తాగునీటి పొరను చీల్చుకునే కిందికి దిగుతుంది. ఇనుప గొట్టానికీ రాతికీ మధ్య పోసిన సిమెంటు సరిగా కూర్చోకపోతే, దాని పక్కనుంచే గ్యాసు పైకి పాకి మంచినీటిలో కలుస్తుంది. 2011లో డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 68 తాగునీటి బావులను పరీక్షించారు. తవ్వకాలకు దగ్గరగా ఉన్నవాటిలో మీథేన్ సగటున 17 రెట్లు ఎక్కువ ఉంది. ఫ్రాకింగ్ రసాయనాల జాడ మాత్రం కనబడలేదు. అంటే తప్పు గొట్టంలోనూ సిమెంటులోనూ ఉందన్నమాట. 'ఫ్రాకింగ్ వల్ల నీరు చెడలేదు' అని కంపెనీ అన్నప్పుడు ఆ వాక్యం అక్షరాలా నిజం కావచ్చు, అయినా దోషం దానిదే కావచ్చు. ఆ మాటల చాటును ఛేదించడం సాహిత్యకారుడి పని. చిత్రం ఆ పని చేయలేదు.

ఇప్పుడు డిమాక్ సంగతి చూద్దాం. 2009 జనవరి 1న అక్కడ ఒక ఇంటి బావి మీద ఉన్న కాంక్రీటు పలక పేలి ముక్కలైంది. కాబట్ అనే కంపెనీ బావుల నుంచి మీథేన్ తాగునీటిలోకి చేరిందని రాష్ట్ర ప్రభుత్వం నిర్ధారించింది. ఊరికి పైపులైను వేసి నీళ్లు తెప్పించాలని మొదట అనుకుని, 2010 డిసెంబరులో ఆ ఆలోచన మానుకుంది. 19 కుటుంబాలకు 41 లక్షల డాలర్ల పరిహారంతో రాజీ కుదిర్చింది. 2012లో కేంద్ర పర్యావరణ సంస్థ పరీక్షలు జరిపి, ఇక తాను చేయవలసిందేమీ లేదని చెప్పి వెళ్లిపోయింది. 2016లో రెండు కుటుంబాలకు 42 లక్షల పైచిలుకు డాలర్లు ఇవ్వాలని జ్యూరీ తీర్పు చెబితే, మరుసటి ఏడాది న్యాయాధికారి ఆ తీర్పును కొట్టివేశారు. చివరికి 2020 జూన్‌లో గ్రాండ్ జ్యూరీ విచారణ మీద రాష్ట్ర అటార్నీ జనరల్ జాష్ షాపిరో కంపెనీపై నేరారోపణలు దాఖలు చేశారు. 2022 నవంబరులో, అప్పటికి కోటెరా అని పేరు మారిన ఆ కంపెనీ, నేరాన్ని ఒప్పుకోకుండానే, కాదని వాదించకుండానే శిక్షకు తలవంచింది. ఊరికి నీటి పైపులైను కోసం ఒక కోటీ అరవైరెండు లక్షల డాలర్లకు పైగా చెల్లించడానికీ, 75 ఏళ్లపాటు నీటి బిల్లులు భరించడానికీ అంగీకరించింది. 2010లో మానుకున్న పైపులైనే పన్నెండేళ్ల తరువాత మళ్లీ ముందుకు వచ్చింది.

ఈ ఫలితం మంట వల్ల వచ్చింది కాదు. తేదీలు, నీటి పరీక్షల కాగితాలు, సిమెంటు పని రికార్డులు, ప్రమాణం చేసి చెప్పిన వాఙ్మూలాలు దాన్ని తెచ్చాయి. పెన్సిల్వేనియా చట్టంలో మెచ్చుకోదగ్గ ఏర్పాటు ఒకటి ఉంది. 2012 సవరణ ప్రకారం, ఇలాంటి గ్యాసు బావికి 2500 అడుగుల లోపల, పని ముగిసిన ఏడాదిలోగా నీరు చెడితే, దోషం కంపెనీదేనని ముందే భావిస్తారు. కాదని రుజువు చేసుకోవలసిన భారం కంపెనీ మీద పడుతుంది. రుజువు భారం ఎవరి భుజాన ఉంటుందన్నదే ఈ కథలో అసలు సంఘర్షణ. రెండు గంటలకు కొంచెం తక్కువైన చిత్రంలో దానికి చోటు దొరకలేదు.

అదే రాష్ట్రంలో 2011లో జరిగిన ఇంకొక రాజీ గురించి కూడా చెప్పాలి. ఏడున్నర లక్షల డాలర్లు పుచ్చుకున్న ఒక కుటుంబం, ఆ విషయం ఎక్కడా మాట్లాడకూడదన్న షరతుకు లోబడింది. 2013లో పత్రికలు పోరాడి ఆ రికార్డు బయటపెట్టించాయి. ఏడేళ్ల, పదేళ్ల పిల్లలకు కూడా ఆ షరతు వర్తిస్తుందని కోర్టులో కంపెనీ తరఫు వకీలు చెప్పినట్టు అందులో ఉంది. పిల్లలకు వర్తించదని కంపెనీ తరువాత సర్దుకుంది. నీటిని పాడుచేసినవాడు మాటను కూడా కొనుక్కోగలడు. ఈ వెలుగులో చూస్తే, మాట అమ్ముకోకముందే ఆ వంటిళ్లకు వెళ్లి వినిపెట్టిన ఫాక్స్ చిత్రం విలువ మళ్లీ పెరుగుతుంది.

మన పాఠకులకు ఇది దూరదేశపు ముచ్చట కాదు. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. యానాం మిత్రులకు ఆ జ్ఞాపకం ఉంటుంది. 2017లో తంజావూరు జిల్లా కదిరమంగళంలో గొట్టం చిట్లి పొలంలో చమురు పారితే ఊరంతా రోడ్డెక్కింది. తమిళనాడు 2020లో కావేరి డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటిస్తూ చట్టం చేసింది. అదే ఏడాది జనవరిలో కేంద్రం, చమురు, గ్యాసు అన్వేషణ కోసం వేసే బావులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేదని నిబంధన మార్చింది. 2005 నాటి అమెరికా కంత గుర్తుకు రాకమానదు.

మంట గురించి కవిత రాయడం తేలిక. ఎర్రని ఆకాశం, కాలిన కొబ్బరితోపు వాటంతటవే పదచిత్రాలై వస్తాయి. చెడిన నీరు అలా కాదు. మీథేన్‌కు రంగు లేదు, వాసన లేదు. బావి తవ్వకముందు నీళ్లు ఎలా ఉండేవో ఎవరైనా పరీక్ష చేయించి కాగితం దాచి ఉంచితే తప్ప, తరువాత ఏడ్చినా వినేవాడుండడు. 'గ్యాస్‌లాండ్' తప్పక చూడండి, ఇతరులకూ చూపించండి. చూసిన తరువాత, మీ ఊరి బావినీటిని ఇప్పుడే పరీక్ష చేయించి, తేదీ వేసి ఉంచమని పంచాయతీని అడగండి. డిమాక్ వాళ్లు పన్నెండేళ్లు పడిన పాట్లలో ఈ ఒక్క పాఠమైనా మనకు ఉచితంగా దక్కింది.