‘ఎవరూ’ ఒక్కటే ‘నోబడీ’ కాదు: ఆంగ్ల, గ్రీకు అనిర్దిష్టార్థక పదాలు – తెలుగు సమానార్థకాలు

వ్యాససంగ్రహం: ‘సమ్‌వన్’, ‘ఎనీవన్’, ‘నోబడీ’లకు ‘ఎవరో’, ‘ఎవరైనా’, ‘ఎవరూ’ అని ద్విభాషా పదపట్టికలు ఇచ్చే జతలు ఎంతవరకు నిలుస్తాయో గ్రీకు రూపాల తోడ్పాటుతో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అనిర్దిష్టార్థకాలు, ప్రశ్నార్థకాలు, నిషేధం, అనువాదం, ఉత్తర తెలంగాణ వ్యవహారం, హోమర్.

‘ఎవరూ రాలేదు’ అన్న వాక్యాన్ని ఆంగ్లంలోకి మార్చమంటే ‘ఎనీబడీ డిడ్ నాట్ కమ్’ అని రాయడం తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థుల్లో తరచు కనిపించే పొరపాటు. అక్షరాభ్యాసాలకు పేరుపొందిన బాసరలోనే 2008 నుంచి, పదో తరగతి ముగించిన పిల్లలు నేరుగా ఆంగ్ల మాధ్యమంలో సాంకేతిక విద్యకు అడుగుపెడుతున్నారు. అటువంటి మలుపు దగ్గర ఈ వాక్యాన్ని కేవలం వ్యాకరణదోషంగా కొట్టివేయడం తేలిక. కానీ అందులో తర్కం ఉంది. తెలుగు వాక్యంలో నిషేధమంతా ‘రాలేదు’లోనే ఉంది, ‘ఎవరూ’లో లేదు. విద్యార్థి తన భాషకు విధేయుడై రాశాడు. తప్పు ‘నోబడీ = ఎవరూ’ అని నేర్పిన పట్టికది.

తెలుగులో ఈ పదాలు ప్రశ్నార్థకాల నుంచి పుడతాయి. ‘ఎవరు’కు సందేహార్థక ఓకారం చేరితే ‘ఎవరో’, ‘అయినను’ చేరితే ‘ఎవరైనా’, సముచ్చయం చేరితే ‘ఎవరూ’. గ్రాంథికంలోని ‘ఎవ్వరేని’, ‘ఏదేని’ రూపాల్లో ఉన్న ‘ఏని’ కూడా షరతును చెప్పేదే. ‘ఏవేని ఐదు ప్రశ్నలకు’ అన్న ప్రశ్నపత్రాల పలుకుబడిలో అది నేటికీ బతికి ఉంది.

‘సమ్‌వన్’ సంగతి మరింత చిక్కు. ‘సమ్‌వన్ కేమ్’ అన్న ఆంగ్ల వక్తకు ఆ వచ్చినవారెవరో తెలిసి ఉండవచ్చు, తెలియకపోవచ్చు. తెలుగు వక్తకు ఆ మరుగు దొరకదు. తెలిసుంటే ‘ఒకాయన వచ్చాడు’ అనాలి. ‘ఎవరో వచ్చారు’ అంటే తెలియదని ఒప్పుకున్నట్లే. తెలిసి కూడా ‘ఎవరో’ అన్నవాడు దాపరికం చేసినవాడవుతాడు. న్యాయస్థానంలో సాక్షి ‘ఒకాయన చెప్పిండు’ అన్నా ‘ఎవలో చెప్పిన్రు’ అన్నా ఆంగ్ల ప్రతిలో రెండూ ‘సమ్‌వన్’గానే నమోదైతే సాక్ష్యం బరువు మారిపోతుంది. మార్టిన్ హస్పెల్‌మాత్ 1997 నాటి తన గ్రంథంలో అనిర్దిష్ట సర్వనామాల అర్థాలను తొమ్మిది ప్రయోజనాలుగా విడదీసినప్పుడు, వక్తకు తెలిసిన వ్యక్తి, తెలియని వ్యక్తి అన్న భేదాన్ని వేరుగా నిలపడం తెలుగు పాఠకునికి వింతగా తోచదు.

ప్రాచీన గ్రీకులో ‘తిస్’ అన్న ఒకే మాట ‘ఎవరు?’ అనీ ‘ఎవరో’ అనీ అర్థమిస్తుంది. స్వరం ఉంటే ప్రశ్న. స్వరం కోల్పోయి ముందుమాటను ఆనుకుంటే అనిర్దిష్టం. బాసర పరిసరాల మాటతీరు ఎరిగినవారికి ఇది దూరపు ముచ్చట కాదు. ఇక్కడి వ్యవహారంలో చివరి దీర్ఘం నిలవదు. ‘ఎవలు రాలే?’ అంటే రానిదెవరని ప్రశ్న. ‘ఎవ్వలు రాలే’ అంటే ఒక్కరూ రాలేదని. శిష్టభాషలో దీర్ఘం చేసే పనిని ఇక్కడ ద్విత్వమూ కాకువూ చేస్తున్నాయి. లిపిలో సరిగా పట్టుకోకపోతే కథల్లో ఈ రెండు వాక్యాలూ కలిసిపోతాయి.

ఈ భేదాలన్నిటికీ గట్టి పరీక్ష హోమర్ ‘ఒడిస్సీ’ తొమ్మిదవ సర్గ. ఒడిస్సియస్ ఒంటికంటి రాక్షసుడు పాలిఫీమస్‌కు తన పేరు ‘ఊతిస్’ అని చెబుతాడు. ‘ఊ’ నిషేధం, ‘తిస్’ ఎవరో. కలిస్తే ‘ఎవడూ కాడు’. కన్ను పోయిన రాక్షసుడు తనను చంపుతున్నది ఊతిస్ అని అరుస్తాడు. తోటి రాక్షసులకు, ఎవరూ చంపడం లేదన్నట్లు వినిపిస్తుంది. వాళ్లు తిరిగి ‘నిన్ను ఎవరూ హింసించకపోతే’ అన్న షరతువాక్యంలో వాడే ‘మీ తిస్’ వినడానికి ‘మీతిస్’, అంటే ఉపాయం, అనే మాటలా ఉంటుంది. ఆంగ్లానువాదకులు ‘నోబడీ’తో మొదటి శ్లేషను కాపాడుకున్నారు, రెండవది వారికీ దక్కలేదు.

తెలుగులో మొదటిది కూడా నేరుగా దక్కదు. ‘ఎవడూ నన్ను చంపుతున్నాడు’ వాక్యమే కాదు. ‘ఎవడూ నన్ను చంపడం లేదు’ అంటే శ్లేషకు బదులు నిజమైన నిషేధమే మిగులుతుంది. రాక్షసుడు తన దాడిని తానే కాదన్నవాడవుతాడు. దారి లేకపోలేదు. పేరునే పూర్తి వాక్యం చేసి, దాన్ని జవాబు స్థానంలో ఉంచాలి. ‘నిన్ను చంపుతున్నదెవడు?’ అని తోటివారు అడిగితే ‘ఎవడూలేడు!’ అని రాక్షసుడు కేక వేస్తాడు. వానికది పేరు, వారికది వాక్యం. ఇక్కడ అనువాదకుడు మూలవాక్య నిర్మాణాన్ని వదులుకుని సంభాషణను మార్చుకోవలసి వచ్చింది. ఆ స్వేచ్ఛ తీసుకోనివారు అధోజ్ఞాపికను ఆశ్రయించక తప్పదు. నవ్వించవలసిన చోట అధోజ్ఞాపిక చెప్పడం కంటే పేలవమైన పని లేదు.

ఆధునిక గ్రీకు మాత్రం తెలుగు వైపు జరిగింది. ‘కనేనాస్’ అన్న మాటలో ‘కన్’ అంటే ‘అయినా’, ‘ఏనాస్’ అంటే ‘ఒకడు’. నిర్మాణంలో ఇది మన ‘ఒక్కడైనా’. ప్రశ్నలో ‘ఎవరైనా’ అనీ, క్రియకు ముందు ‘దెన్’ అన్న నిషేధం చేరితే ‘ఎవరూ’ అనీ అర్థం. అయితే ఎవరొచ్చారంటే ‘కనేనాస్’ అని ఒంటిగా జవాబివ్వడం అక్కడ కుదురుతుంది. తెలుగులో ‘ఎవరూ’ తర్వాత ‘రాలేదు’ అనో ‘లేరు’ అనో చెవి ఎదురుచూస్తుంది. బాసరకు ఇరుగుపొరుగు భాషలూ నిషేధాన్ని క్రియ దగ్గరే ఉంచుతాయి. మరాఠీ ‘కోణీ ఆలే నాహీ’, ఉర్దూ ‘కోయీ నహీఁ ఆయా’ రెండింటిలోనూ సర్వనామం తనంతట తాను కాదనదు. సంతలో మూడు భాషల మధ్య తిరిగే పిల్లవానికి ఈ విషయంలో పరాయిది ఆంగ్లమొక్కటే.

శాసనభాషలో దీని పర్యవసానం మరింత గంభీరం. భారత రాజ్యాంగం 21వ అధికరణం ఆంగ్లంలో ‘నో పర్సన్’ అంటూ మొదలవుతుంది. నిషేధం మొదటి మాటలోనే మోగుతుంది. తెలుగులో ‘ఏ వ్యక్తినీ’ అని మొదలుపెట్టి, మినహాయింపులన్నీ దాటి, చివరి క్రియ దాకా వెళ్తే తప్ప అది హక్కో ఆజ్ఞో తేలదు. వాక్యం పొడవు పెరిగేకొద్దీ ‘ఏ… నీ’కీ చివరి ‘రాదు’కూ మధ్య పట్టు సడలుతుంది. కాబట్టి నిఘంటుకర్తలు ‘నోబడీ’ ఎదుట ‘ఎవరూ’ అని విడిగా కాక ‘ఎవరూ … లేరు/రాదు/కాదు’ అని క్రియతో సహా చూపాలి. ‘సమ్‌వన్’ ఎదుట ‘ఎవరో’తో పాటు ‘ఒకరు’ కూడా ఉండాలి. ‘ఎనీ’కి ప్రశ్నలో, షరతులో, ఎంపికలో, నిషేధంలో వేర్వేరు ఉదాహరణవాక్యాలు ఇవ్వాలి. అప్పుడు ‘ఎనీబడీ డిడ్ నాట్ కమ్’ అని రాసిన విద్యార్థికి ఉపాధ్యాయుడు ఎర్ర సిరాతో గీత కొట్టడమే కాక, ‘రాలేదు’లోని ‘లేదు’ ఆంగ్లంలో ఏ మాటలోకి వెళ్లి కూర్చుందో చూపగలుగుతాడు.