సంతకముతో సహా

నా వృత్తిలో చూచువారికి అతి స్వల్పముగా కనుపించునదియు, నాకు మాత్రము అతి భారముగా తోచునదియు నగు పని యొకటి కలదు: విజ్ఞానసర్వస్వ సంపుటములకు బొమ్మల నేరుట. పండితులు వ్యాసములు వ్రాసి యిచ్చి తమ దారిన వెళ్లుదురు, పేజీలో నాలుగంగుళముల జాగా మిగులును, దానిని చూచి పేజీలు కట్టు కుర్రవాడు "ఇక్కడ ఒక బొమ్మ పడేద్దామా సార్?" అని యడుగును. ఆ "పడేద్దామా" యను మాటలోనే చిక్కంతయు నున్నదని నేను గ్రహించుటకు చాల యేండ్లు పట్టినది.

ఒక సంపుటములో ఆంధ్ర చిత్రకళను గూర్చిన వ్యాసమునకు ఏడు బొమ్మలు ఎంచుకొంటిని. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావుగారు 1925లో, తమ ఇరువదెనిమిదవ యేటనే కీర్తిశేషులైరి గనుక వారి చిత్రములపై ఏనాడో హక్కులు తీరిపోయినవి. 1957 నాటి మన కాపీరైటు చట్టము చిత్రకారుని జీవితకాలమునకు తోడు, అతడు గతించిన మరుసటి జనవరి మొదలు అరువది సంవత్సరములు హక్కును నిలుపుచున్నది. ఇది మొదట ఏబదియే. 1941లో గతించిన రవీంద్రుని రచనలపై హక్కు 1991తో ముగియవలసి వచ్చినప్పుడు, ఆ మరుసటి యేడు మరి పదియేండ్లు కలిపిరి. కవీంద్రుని పుణ్యమా యని దేశములోని చిత్రకారులందరి హక్కునకును ఆయువు పెరిగినదన్న మాట! ఈ లెక్కను అడవి బాపిరాజుగారి చిత్రములు 2013లో సర్వజన సొత్తులైనవి. వడ్డాది పాపయ్యగారివి 2052 చివరి వరకును, బాపుగారివి 2074 చివరి వరకును కావు. ఆనాటికి నేనెటులను ఉండను. పేజీలు కట్టు కుర్రవాడును ఉద్యోగవిరమణ చేసి మనుమలకు బొమ్మలు చూపుచుండును.

మరి అంతవరకు విద్యార్థి ఆ చిత్రములను చూడకూడదా? చట్టము అంత నిర్దయమైనది కాదు. ఉపాధ్యాయుడు బోధనలో భాగముగా ప్రతి తీసికొనవచ్చును, ప్రశ్నపత్రములో వేయవచ్చును, ఢిల్లీ విశ్వవిద్యాలయపు జిరాక్సు దుకాణముపై విదేశీ ప్రచురణకర్తలు వేసిన దావాలో 2016లో అక్కడి హైకోర్టు ఈ బోధనా వెసులుబాటునకు విశాలమైన అర్థమునే చెప్పినది. అయితే తరగతిగది వేరు, వెల కట్టి అంగడిలో అమ్ము సంపుటము వేరు. పాఠ్యసంకలనములకై ప్రత్యేకించిన మినహాయింపు వేరొకటి కలదు గాని, అది సాహిత్య, నాటక రచనల నుండి చిన్న ఖండికలను గ్రహించుటకే. చిత్రముల ఊసు అందు లేదు. ఉండుటయు కష్టమే. నూరు పద్యముల కావ్యములో రెండు పద్యములు ఉదాహరించినచో కావ్యము కావ్యముగానే నిలుచును. చిత్రములో నాలుగవ వంతు కోసి తెచ్చినచో అది అవయవ విచ్ఛేదమగును. బొమ్మను తీసికొన్నచో మొత్తముగా తీసికొనవలసినదే. ఇక నావంటివానికి మిగిలిన నీడ, విమర్శకును సమీక్షకును చట్టము విడిచిన సమంజస వినియోగ మొక్కటియే.

ఆ నీడలో నేను నిజముగా నున్నానా యను సందేహము నాకు స్వయముగా కలుగలేదు. మా ప్రూఫులు దిద్దు పెద్దాయన, పాపయ్యగారి పాత చందమామ ముఖచిత్రము వేసిన పేజీని ముందుంచుకొని, కళ్లజోడు నుదుటిమీదికి త్రోసి, "అయ్యా, ఈ బొమ్మ గురించి వ్యాసంలో ఒక్క ముక్కైనా లేదేమండీ?" అనెను. లేదు. వ్యాసములో చిత్రకారుని పేరు, ఊరు, సంవత్సరములు కలవు; బొమ్మ వానిప్రక్కన పెండ్లిపందిటి మామిడాకువలె వ్రేలాడుచున్నది. అంతటితో ఆగక ఆయన పెన్సిలు మొనతో క్రింది మూలను చూపి, "సంతకం ఎగిరిపోయిందండీ" అనెను. కుర్రవాడు పేజీలోని జాగా కొలతకు సరిపెట్టుటకై అంచు కత్తిరించగా "వ.పా." అను ఆ రెండక్షరములును పోయినవి! హక్కులు అమ్ముకొన్న పిమ్మటను, ఇది నా పని యని చెప్పుకొనుటకును, తన ప్రతిష్ఠకు భంగముగా దానిని వికృతపరుపకుండ అడ్డుకొనుటకును కర్తకు చట్టములో ప్రత్యేకాధికారము కలదు. విజ్ఞాన భవన్ గోడనుండి ఊడదీయబడిన తన కంచు శిల్పమునకై అమరనాథ్ సెహగల్ గారు పోరాడి 2005లో గెలిచినది ఈ యధికారము మీదనే. నేనిది ఎరిగియు మూల నుండి చూపు తిప్పితిని.

ఆ సాయంకాలము భూతద్దము తీసికొని ఆ ముఖచిత్రము ముందు కూర్చుంటిని. అచ్చుచుక్కల క్రిందనుండి మెల్లగా తెలియవచ్చినదేమనగా, బొమ్మలోని నీడలలో నలుపు దాదాపు లేదు. చీర మడతలో నీడ ఊదాగాను, మెడక్రింద నీడ పండిన పసుపుగాను మారి, గీత ఎక్కడ ముగిసినదో రంగు ఎక్కడ మొదలైనదో చెప్పరాకుండ నున్నది. ఈ మాటలే ఎనిమిది పంక్తులుగా వ్రాసి వ్యాసములో చేర్చితిని. బొమ్మను పోస్టుకార్డులో సగమునకు తగ్గించి, సంతకముతో సహా మొత్తము నిలిపితిని. ఇప్పుడు ఆ బొమ్మను తీసివేసినచో నా పంక్తులు అర్థము కావు. సమంజస వినియోగమునకు నా చేతికి చిక్కిన పరీక్ష ఇదియే. న్యాయమూర్తులు దీనికి ఎన్ని మార్కులు వేయుదురో వారి చిత్తము.

అనుమతి యడుగుట యింకొక తీర్థయాత్ర. పత్రికలో ఉద్యోగిగా వేసిన బొమ్మకు పత్రికలలో ముద్రించు హక్కు వరకే యజమానిది, తక్కినది చిత్రకారునిది. వెల యిచ్చి ప్రత్యేకముగా వేయించిన చిత్రమునకైతే, వేరు ఒప్పందము లేనప్పుడు, వేయించినవారిదే హక్కు. అర్ధశతాబ్ది తరువాత ఆ ఒప్పందపు కాగితము ఎవరి పెట్టెలో నుండును? నేను వ్రాసిన ఉత్తరములలో ఒకటి చిరునామాదారు లేరని తిరిగి వచ్చినది. మరియొకదానికి బదులుగా, మా సంపుటపు వెలకు రెట్టింపు రుసుము కోరుచు ఒక సంస్థ వ్రాసినది.

చివరకు బాపుగారి బొమ్మ మిగిలినది. దానిముందు మూడు సాయంకాలములు కూర్చుంటిని. ఆ గీతను ఎరుగని తెలుగువాడు లేడు గాని, ఎరిగియున్నంత మాత్రమున చెప్పగలమా? "ఎంత అందముగా నున్నది" అను మాటకు మించి ఒక్క పంక్తియు కలము దాటి రాలేదు. బొమ్మను తీసివేయుమంటిని. కుర్రవాడు నొచ్చుకొనెను, పెద్దాయన ఏమియు అనలేదు. ఆ సంపుటములో బాపుగారి పేరెదుట 1933–2014 అను అంకెలును, వాని క్రింద నాలుగంగుళముల తెల్లని జాగాయు నున్నవి.