ఎథెల్ అని పిలవొద్దు

ఈ వారం ఒక రీల్ చూసి ఒళ్ళు మండింది. అమెరికా టీవీ హాస్య సీరియల్ 'ఐ లవ్ లూసీ'లోని చాక్లెట్ ఫ్యాక్టరీ సీను అది, 1952 నాటిది. బెల్టు మీద వచ్చిపడే చాక్లెట్లకు కాగితాలు చుట్టలేక ఇద్దరు స్నేహితురాళ్ళు నోట్లో కుక్కుకుంటారు, దొరికినచోటల్లా దాచేస్తారు. ఫోన్ తెరకు పట్టాలని ఎవరో ఒక పక్క కత్తిరించారు. లూసిల్ బాల్ మిగిలింది. వివియన్ వాన్స్ మోచెయ్యి మిగిలింది.

పక్కపాత్రల మీద నా పిచ్చి మీకు కొత్త కాదు. రమణారెడ్డి పక్కన లేని రేలంగి గురించి ఎన్నిసార్లు విసిగించానో! తింగరి పని చేసేవాళ్ళకన్నా, "వద్దే తల్లీ" అంటూనే కొంగు బిగించి వెంట దిగే మనిషే నన్ను ఎక్కువ నవ్విస్తుంది. లూసిల్ వేసిన లూసీకి ఆ మనిషి, వివియన్ వేసిన ఎథెల్.

వివియన్ కాన్సాస్‌లో పుట్టింది. ఆల్బుకర్కీలో నాటకాలాడుతుంటే, అక్కడి నాటక బృందంవాళ్ళే చందాలు పోగేసి న్యూయార్క్ పంపారు. బ్రాడ్వేలో ఏళ్ళతరబడి ఆడింది, పాడింది. 1951లో లా హోయాలో ఆమె నాటకం చూసిన లూసిల్ భర్త డెసీ అర్నాజ్ ఎథెల్ వేషం ఇచ్చాడు. లూసిల్ కన్నా ఆమె పెద్దది రెండేళ్ళే. తెరమీది మొగుడు ఫ్రెడ్‌గా వేసిన విలియం ఫ్రాలీ మాత్రం ఆమెకన్నా 22 ఏళ్ళు పెద్ద! తండ్రి వయసువాడి పక్కన పెళ్ళాంగా నిలబెట్టారని ఆమె గొణుగుడు. ఇద్దరికీ చివరిదాకా పడలేదు. మరి తెరమీది ఆ కసురుకోవడంలో నటన ఎంతో! 1954లో సహాయనటికి ఇచ్చిన ఎమ్మీ ఆమెకే వచ్చింది.

ఇక్కడ ఒదిగిపోవడంలోని గొప్పతనం గురించి రెండు పేరాలు రాయడం నాకు మహా ఇష్టం. కానీ ఆమె బతుకు దానికి సాక్ష్యం చెప్పదు. ఎథెల్, ఫ్రెడ్‌లతోనే వేరే సీరియల్ తీద్దామంటే, మళ్ళీ ఫ్రాలీతోనా అని కాదంది. 1962లో లూసిల్ తన 'ద లూసీ షో'కి పిలిస్తే ఒక షరతు పెట్టింది: పాత్ర పేరు కూడా వివియనే కావాలి. బయట జనం ఎథెల్ అని పిలిచి పిలిచి ప్రాణం తీశారు మరి. అందులో ఆమె విడాకులు తీసుకున్న తల్లి. అప్పటి అమెరికా టీవీలో అలాంటి పాత్ర అరుదు.

ఆ షరతు పొగరు కాదు, న్యాయం. పక్కపాత్రను నెత్తిన పెట్టుకునే నాబోటివాళ్ళం సైతం ఆమెను ఎథెల్‌గానే ఉండిపొమ్మన్నాం. 1965లో ఆమె ఆ షోలో వారంవారం నటించడం మానేసింది. తర్వాత లూసిల్ షోలకు అప్పుడప్పుడు అతిథిగా వచ్చింది. అప్పుడూ పాత్ర పేరు వివియనే.