సైరన్ ఆగిన ఊళ్లో సైకాలజీ

మా కాలేజీలో సైకాలజీ శాఖ లేదు. ఆ సబ్జెక్టు చదవాలన్న నా కోరిక, కేంద్ర ప్రభుత్వం 2017 జూలైలో మొదలుపెట్టిన ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ వల్ల తీరింది. పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ పరీక్షకు మాత్రం ఫీజు కట్టాలి. 2021 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా ఇలా ఆన్‌లైన్‌లో చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. ముళబాగిలు పల్లెల నుంచి బస్సెక్కి కాలేజీకొచ్చే పిల్లలకూ, మారికుప్పం రైల్లో రోజూ బెంగళూరు వెళ్లి పనిచేస్తూ చదివేవాళ్లకూ ఇది చిన్న విషయం కాదు.

వీడియో పాఠంతో ఒక చిక్కు ఉంది. మేష్టారు చెబుతున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది. నాలుగు రోజులాగి క్విజ్ తెరిస్తే ఏదీ గుర్తుకు రాదు. దీనికి మందు కూడా సైకాలజీలోనే ఉంది. నేర్చుకున్నది ఎంత వేగంగా జారిపోతుందో ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే లెక్కగట్టాడు. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగాల్లో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కన్నా, కాగితం పక్కన పెట్టి గుర్తు తెచ్చుకున్నవాళ్లకే వారం తర్వాత ఎక్కువ నిలిచింది. అందుకని ప్రతి పాఠం అయ్యాక ఫోన్ పక్కన పెట్టి, విన్నదంతా మా నాయనకు తెలుగులో చెప్పడం అలవాటు చేసుకున్నాను. “పెద్ద పెద్ద పేర్లు వద్దు, జరిగేదేమో అది చెప్పు” అనేవాడు. అంత గట్టి పరీక్ష ఏ క్విజ్‌లోనూ రాలేదు.

నాయన మా ఊరి గనుల్లో పనిచేశాడు. లైప్‌జిగ్‌లో వుంట్ సైకాలజీ ప్రయోగశాల పెట్టింది 1879లో, జాన్ టేలర్ కంపెనీ కోలార్ బంగారు గనులు చేపట్టింది 1880లో. ఈ శాస్త్రమూ మా ఊరూ ఒకే ఈడువి. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. షిఫ్టు సైరన్ ఆగిపోయింది. నాయన మాత్రం ఇప్పటికీ షిఫ్టు వేళకే లేస్తాడు.

ఆ అలవాటు ఎందుకు పోలేదో వెతుక్కుంటూ వెళ్తే మారియెంథాల్ దొరికింది. వియన్నా దగ్గర చిన్న ఊరు. అక్కడి బట్టల మిల్లు మూతపడితే ఊరంతా పని పోగొట్టుకుంది. మారీ జహోదా, లాజర్స్‌ఫెల్డ్, జైజెల్ ఆ ఊరిని పరిశీలించి 1933లో పుస్తకం వేశారు. వాళ్లు గడియారం పట్టుకుని వీధిలో జనం నడకను కొలిచారు. మగవాళ్లు మెల్లగా నడుస్తూ మాటిమాటికీ ఆగేవాళ్లు. ఇంటిపని తప్పని ఆడవాళ్లు వేగంగా నడిచేవాళ్లు. తీరిక ఎంత పెరిగినా లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం మాత్రం తగ్గిపోయింది. ఉద్యోగం జీతంతో పాటు ఇంకో ఐదు ఇస్తుందని జహోదా తర్వాతి కాలంలో చెప్పింది: రోజుకు ఒక క్రమం, ఇంటి బయట నలుగురితో కలయిక, పదిమందితో కలిసి సాధించే పని, సమాజంలో ఒక గుర్తింపు, చేతికి ఎప్పుడూ ఏదో ఒక పని.

నేనూ ఒక పొద్దున మా ఊరి రాబర్ట్‌సన్‌పేట మార్కెట్ దగ్గర గడియారం పట్టుకుని కూర్చున్నాను. మగవాళ్లు ఆగుతూనే ఉన్నారు. అంతమాత్రాన అది పని పోయిన దిగులే అనగలమా? మోకాళ్ల నొప్పి కావచ్చు, పాత స్నేహితుడు ఎదురుపడి ఉండొచ్చు. పైగా ఉద్యోగాలున్నవాళ్లు తెల్లవారుజాము రైలుకే వెళ్లిపోయారు. పది గంటలకు మార్కెట్లో కనిపించేది మిగిలిన ఊరే. కంటికి కనిపించినదానికీ దానికి మనం చెప్పే కారణానికీ మధ్య ఎంత దూరముందో ఆ పొద్దున తెలిసినంత బాగా ఏ వీడియోలోనూ తెలియలేదు. పరిచయ కోర్సు చదివినవాళ్లు ఇరుగుపొరుగు మనసులకు జబ్బుల పేర్లు పెట్టకూడదని నేను గట్టిగా అనడం అందుకే.

జహోదా చెప్పిన ఐదూ నాయనకు చెప్పాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ విన్నాడు. “అన్నీ నిజమే. భయం కూడా పోయింది గదమ్మా. అది రాసిందా ఆయమ్మ?” అన్నాడు. ఇక్కడి చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. అంత కింద బండ ఎప్పుడు పగులుతుందో ఎవరికీ తెలిసేది కాదు. “షిఫ్టు దిగినోడు పైకి వచ్చేదాకా మీ అమ్మకు అన్నం దిగేది కాదు.” పని పోయిన బాధా, ఆ భయం పోయిన నెమ్మదీ ఒకే రోజు మా ఇంటికి వచ్చాయన్నమాట. ఇది నాకు ఏ పాఠంలోనూ కనబడలేదు.

నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే క్విజ్‌లో ఇలాంటి మాటకు చోటుండదు. అందుకే కోలార్ జిల్లా కాలేజీల్లో ఇలాంటి కోర్సులు చూసుకునే అధ్యాపకులను ఒకటి అడుగుతున్నాను. మార్కులు లేకపోయినా సరే, పాఠంలో విన్న ఒక సంగతి తమ ఇంట్లో ఎక్కడ సరిపోయిందో, ఎక్కడ సరిపోలేదో విద్యార్థుల చేత ఒక పేజీ రాయించండి. గనుల్లో దిగినవాళ్లు ముసలివాళ్లవుతున్నారు. ఆ పేజీలు ఈ ఏడాదే మొదలుపెట్టండి.